అత్తగారి పేరున ఉన్న ఇంట్లో నా నివాస హక్కు: నా అనుభవం

విడాకుల కేసు నడుస్తుండగా, ఒక సాయంత్రం ఇంటికి వచ్చేసరికి వీధి తలుపుకు కొత్త తాళం వేసి ఉంది. ఇల్లు అత్తగారి పేరున ఉంది కాబట్టి నాకు హక్కు లేదని మొదటి న్యాయవాది పాత తీర్పును పట్టుకుని తేల్చేశారు. అయితే భర్త బంధువుల ఇల్లయినా, భార్య అక్కడ స్థిరంగా కాపురం చేసి ఉంటే అది ఉమ్మడి నివాసమే, అంటే భార్యకు ఉండే హక్కున్న ఇల్లే, కాగలదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది.

నన్ను ఎవరూ కొట్టలేదు కదా, గృహహింస చట్టం వర్తిస్తుందా అని సందేహించాను. ఇంట్లోకి రానివ్వకపోవడాన్ని 2005 నాటి ఆ చట్టం ఆర్థిక హింసగానే పరిగణిస్తుంది. అందుకే 12వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు కోర్టులో దరఖాస్తు వేసి, కేసు తేలేలోపు అమలయ్యేలా 23వ సెక్షన్ కింద మధ్యంతర ఉత్తర్వు కోరాము. అక్కడ నన్ను ఆదుకున్నది, నిజం చెప్పాలంటే, నూనె మరకల గ్యాస్ పుస్తకం. ఆరేళ్ల సిలిండర్ల నమోదులన్నీ నా సంతకంతోనే ఉన్నాయి; నేను ఆ ఇంట్లోనే కాపురం చేశానని అవే రుజువయ్యాయి. తాళం తీయించారు.

భార్యగా లభించే నివాస హక్కు విడాకుల తర్వాత దానంతటదే కొనసాగదు. కాబట్టి బాబుకు 18 ఏళ్లు నిండేవరకు ఆ ఇల్లు, లేదా అదే స్థాయి ఇంటికి అద్దె అన్న షరతును రాజీ పత్రంలో రాయించి, అత్తగారి సంతకం కూడా తీసుకుని, విడాకుల డిక్రీలో చేర్పించుకున్నాను.