కాలువ గట్టు రోడ్డు మీద బండి నడిపేటప్పుడు ఫోనును దూరం పెట్టే పద్ధతి

గోదావరి డెల్టాలో ఒక ఊరి నుంచి మరో ఊరికి పోయే దారుల్లో చాలా భాగం కాలువ గట్లే. ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి పూర్తయ్యాక తవ్విన పెద్ద కాలువలు సాగునీటికే కాక పడవల రాకపోకలకు కూడా ఉద్దేశించినవి. వాటి గట్ల మీద అప్పట్లో పడవలను తాళ్ళతో లాగుతూ మనుషులు నడిచేవారు. నేడు అలాంటి గట్ల మీదే ధాన్యం ట్రాక్టర్లు, రొయ్యల మేత లారీలు, బడిపిల్లల ఆటోలు, మోటారు సైకిళ్ళు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పోతున్నాయి. ఒక పక్క నిండు కాలువ, రెండో పక్క పల్లంలో చేను. చాలాచోట్ల మధ్యలో అడ్డుగోడ ఉండదు. చక్రం మూరెడు పక్కకు జరిగితే సర్దుకోవడానికి చోటుండదు కాబట్టి, ఈ దారుల్లో ఫోను వల్ల వచ్చే ప్రమాదం వెడల్పైన రహదారి మీదకన్నా ఎక్కువ.

గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు సుమారు 11 మీటర్లు కదులుతుంది. ఎవరు ఫోను చేశారో చూడడానికి మూడు సెకన్లు తల దించితే 33 మీటర్ల దారిని చూడకుండా దాటినట్టే. సార్వా (ఖరీఫ్), దాళ్వా (రబీ) వరి కోతల రోజుల్లో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి, చుట్టూ రాళ్ళు పేర్చి ఉంచుతారు. చీకటి పడ్డాక ఆ రాళ్ళు దగ్గరికి వచ్చేదాకా కనిపించవు.

ద్విచక్ర వాహనం మీద ఫోను మాట్లాడేవారి చేతులను ఒకసారి గమనించండి. కుడి చేతిలో యాక్సిలరేటరు ఉంటుంది కనుక ఫోను ఎప్పుడూ ఎడమ చేతిలోకే వెళ్తుంది. గేరు లేని స్కూటరుకు వెనుక బ్రేకు పిడి ఎడమ పక్కనే ఉంటుంది. అంటే గేదె అడ్డొచ్చిన క్షణంలో అతనికి మిగిలేది ముందు బ్రేకు ఒక్కటే. రోడ్డు మీద గింజలో, గడ్డో, ట్రాక్టరు చక్రాల నుంచి రాలిన తడి బురదో ఉన్నప్పుడు ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా నొక్కితే చక్రం జారి మనిషి పడిపోతాడు. ఫోనును భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుంటే చేతులు రెండూ పిడుల మీదే ఉన్నాయి కదా అని కొందరు అనుకుంటారు. అలా మెడ వంచిన మనిషి ఆ పక్క అద్దాన్ని సరిగా చూడలేడు, తల తిప్పలేడు, జారుతున్న ఫోనును పట్టుకోబోయి పిడిని వదిలేస్తాడు.

చేతిలో పట్టుకోకుండా బ్లూటూత్‌తో మాట్లాడితే భయం లేదన్నది కూడా పొరపాటే. 1997లో కెనడాలోని టొరంటోలో చేసి ప్రచురించిన పేరున్న పరిశోధనలో, ఫోను మాట్లాడుతున్న సమయంలో ప్రమాదానికి గురయ్యే అవకాశం సుమారు నాలుగు రెట్లు ఉన్నట్టు తేలింది; చేతులు ఖాళీగా ఉంచుకునే ఫోన్ల వల్ల అదనపు రక్షణేమీ అందులో కనిపించలేదు. మాట మీదున్న మనసు రోడ్డును పూర్తిగా పట్టించుకోదు. పక్క సీటులో ఉన్నవారైతే మలుపు రాగానే మాట ఆపుతారు, ఫోనులో ఉన్నవారికి మలుపు కనిపించదు.

కాబట్టి నిర్ణయం బండి ఎక్కకముందే జరగాలి. ఫోను మోగిన తరువాత తీయాలా వద్దా అని ఆలోచించడం మొదలుపెడితే చెయ్యి జేబులోకి పోయినట్టే. బయలుదేరేముందు మాట్లాడవలసినవారితో మాట్లాడి, ఎంతసేపట్లో చేరతారో ఇంట్లో చెప్పండి. తరువాత ఫోను మోగకుండా చేసే డూ నాట్ డిస్టర్బ్ పెట్టండి. ఐఫోనులోనూ చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ బండి నడిపే సమయానికి ప్రత్యేకమైన అమరిక ఉంటుంది. ఐఫోనులో అయితే 'బండి నడుపుతున్నాను, చేరాక మాట్లాడతాను' వంటి సందేశం తనంతట తానే వెళ్ళేలా పెట్టుకోవచ్చు. ఆపైన ఫోనును స్కూటరు సీటు కింద పెట్టెలోనో, కారులో వెనుక సీటు మీది సంచిలోనో ఉంచండి. చొక్కా జేబులో ఉంచితే అది వణికిన ప్రతిసారీ మనసు అటే పోతుంది. దారి తెలియక మ్యాపు అవసరమైతే ఇంటి ముందే ఊరి పేరు కొట్టి, ఫోనును స్టాండుకు బిగించి, కారులో ఉంటే మాటల సూచనలు వినండి. దారి మధ్యలో మార్చవలసి వస్తే ఆగి మార్చండి.

ఎక్కడ ఆగాలో తెలియడం కూడా ముఖ్యమే. వానాకాలంలో గట్టు అంచు మెత్తబడి ఉంటుంది, అక్కడ బరువు బండి ఆపితే మట్టి జారుతుంది. లాకుల (కాలువలో పడవలు దాటించే తలుపుల కట్టడాల) దగ్గర, రైసుమిల్లు ముందు, పెట్రోలు బంకులో, ఊరి మొగలో ఆగండి. మలుపులోనూ వంతెన మీదా వద్దు. జొన్నాడ, సిద్ధాంతం వంతెనల వంటివైతే పూర్తిగా దాటి, రోడ్డు దిగాకే ఫోను తీయండి.

రొయ్యల, చేపల చెరువులున్నవారి కష్టం వేరు, దానిని తేలిగ్గా కొట్టిపారేయలేము. రాత్రివేళ నీటిలో ప్రాణవాయువు తగ్గుతూ తెల్లవారుజామున మరీ పడిపోతుంది. ఆ సమయంలో కరెంటు పోయి ఏరేటర్లు (నీటిలో గాలి కలిపే యంత్రాలు) ఆగితే పంటంతా చేజారిపోవచ్చు. అందుకే చెరువు మీది కాపలా మనిషి ఫోను చేస్తే రైతు నిద్రలోంచి లేచి, మాట్లాడుతూనే బండి తీస్తాడు. ఇక్కడ మార్చవలసింది ముందటి ఏర్పాటు. కరెంటు పోతే ఎవరినీ అడగకుండా జనరేటరు వేసే అధికారం కాపలా మనిషికి ఇవ్వండి, డీజిలు చెరువు దగ్గరే నిలవ ఉంచండి. అతడు చెప్పేది ఇంటి గుమ్మంలోనే పూర్తిగా విని ఫోను కట్టేసి బయలుదేరండి. దారిలో మాట్లాడినందువల్ల చెరువుకు ఒరిగేదేమీ లేదు.

ఫోను చేసేవారికీ బాధ్యత ఉంది. అవతలివారు ఎత్తగానే మొదటి మాటగా "బండి మీదున్నారా అండీ?" అని అడగండి, అవునంటే "సరే, చేరాక చేయండి" అని వెంటనే పెట్టేయండి. రెండుసార్లు ఎత్తకపోతే మూడోసారి చేయకండి. ఆటో ఎక్కిన ప్రయాణికులు, డ్రైవరు ఫోను తీసినప్పుడు ఊరుకోకూడదు. "ఇలా ఇవ్వండి, నేను మాట్లాడి చెబుతాను" అంటే ఎవరూ నొచ్చుకోరు. పిల్లల్ని ఆటోలో బడికి పంపే తల్లిదండ్రులు నెల డబ్బులు మాట్లాడుకునే రోజునే ఈ షరతు కూడా పెట్టాలి.

చట్టం సంగతి క్లుప్తంగా: 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 184వ సెక్షను ప్రకారం చేతిలో ఫోను పట్టుకుని వాడుతూ బండి నడపడం ప్రమాదకరమైన డ్రైవింగు కిందికి వస్తుంది. మొదటి తప్పుకే 1,000 నుంచి 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల నుంచి ఏడాది వరకు జైలు గాని, రెండూ గాని పడవచ్చు.

కారు కాలువలో పడితే ఫోను కోసం వెతకవద్దు. ముందు సీటు బెల్టు తీయండి, వెంటనే అద్దం దించండి, పిల్లల్ని ముందు పంపి కిటికీలోంచి బయటపడండి. బయటి నీటి ఒత్తిడి వల్ల తలుపు తెరుచుకోకపోవచ్చు. ఒడ్డుకు చేరాకే 108కి గాని 112కి గాని ఫోను చేయించండి. సాయానికి ఆగినవారు కేసు భయంతో వెనకాడనక్కరలేదు, అదే చట్టంలోని 134ఏ సెక్షను వారికి రక్షణ ఇస్తుంది. ఫోనులో ఊరి పేరు ఒక్కటే చెబితే అంబులెన్సు కాలువకు అవతలి గట్టు మీదికి వెళ్ళిపోవచ్చు కనుక కాలువ పేరు, ఏ గట్టో, దగ్గరలోని లాకులు లేదా వంతెన పేరు కూడా చెప్పండి.