క్లాసులో ఆన్‌లైన్ క్విజ్‌లు, సిమ్యులేషన్లు: ముందు ఒక్క ప్రశ్నతో మొదలుపెట్టండి

పిల్లలు క్లాసులో నోరు విప్పాలని ఆన్‌లైన్ క్విజ్‌లు వాడేవాళ్ళు ఇప్పుడు చాలామందే ఉన్నారు, నేనూ వాడతాను. మొదట్లో ఏం చేసేదాన్నంటే పదిహేను ప్రశ్నలు పెట్టేసి, ఒకదాని వెనక ఒకటి గబగబా నడిపించేసి, చివర్లో ఫస్ట్ వచ్చినవాళ్ళకి చప్పట్లు కొట్టించి బెల్ అవ్వగానే వచ్చేసేదాన్ని. సందడి బాగానే ఉండేది, కానీ మర్నాడు అదే విషయం బోర్డు దగ్గరకి పిలిచి అడిగితే సగం మందికి గుర్తుండేది కాదు. ప్రశ్నకీ ప్రశ్నకీ మధ్య ఆగకపోవడమే తప్పని తర్వాత అర్థమైంది.

అందుకే ఇప్పుడు పీరియడ్‌కి ఒకటి, మహా అయితే మూడు ప్రశ్నలే. ప్రశ్న తయారుచేయడానికే ఎక్కువ టైమ్ పెట్టండి, ఎందుకంటే తప్పు ఆప్షన్లు ఊరికే నింపినవి కాకుండా పిల్లలు నిజంగా అలాగే అనుకునేవి అయ్యుండాలి, అవి ఎక్కడ దొరుకుతాయంటే మీరు దిద్దిన పాత పరీక్ష పేపర్లలోనే దొరుకుతాయి.

ఉదాహరణకి కరెంటు పాఠం తీసుకోండి. ఒక బ్యాటరీ, ఒకే రకం బల్బులు రెండు, వరసగా సిరీస్‌లో కలిపాం, ఏది ఎక్కువ వెలుగుతుంది? మొదటి బల్బే కొంత కరెంటు వాడేసుకుంటుంది కాబట్టి రెండోది డల్‌గా ఉంటుందని చాలామంది నమ్ముతారు. ఓటు వేయించండి, కానీ సరైన జవాబు మాత్రం అప్పుడే స్క్రీన్ మీద చూపించొద్దు, ముఖ్యంగా బాగా చదివే పిల్లల మొహాలు చూసి తల ఊపేయొద్దు. పక్కన వేరే జవాబు పెట్టినవాళ్ళతో రెండు నిమిషాలు వాదించుకోమనండి, మీరు బెంచీల మధ్య తిరుగుతూ వినండి అంతే, తర్వాత అదే ప్రశ్నకి మళ్ళీ ఓటు. ఈ పద్ధతి హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1990లలో మొదలుపెట్టింది, పీర్ ఇన్‌స్ట్రక్షన్ అంటారు. మొదటి ఓటులో 30 నుంచి 70 శాతం మంది కరెక్ట్ పెడితే ఈ చర్చ బాగా నడుస్తుంది, 30 కంటే తక్కువైతే ముందు మీరే ఇంకోసారి వివరించాలి, 70 దాటితే రెండు ముక్కలు చెప్పి ముందుకెళ్ళిపోవచ్చు.

ఇప్పుడు ఫెట్ సిమ్యులేషన్ తెరవండి, అంటే స్క్రీన్ మీదే ప్రయోగం చేసి చూసేది. కొలరాడో యూనివర్సిటీలో కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టిన ప్రాజెక్ట్ ఇది, ఉచితం, బ్రౌజర్‌లోనే నడుస్తుంది, కొన్ని సిమ్యులేషన్లు తెలుగులో కూడా ఉన్నాయి. సర్క్యూట్ కిట్‌లో బ్యాటరీ, వైర్లు, బల్బులు లాగి కలపడం పిల్లల చేతే చేయించండి. కలపకముందే ఏమవుతుందో నోట్‌బుక్‌లో ఒక లైన్ రాయించండి, ఇది మాత్రం వదలొద్దు, రాసుకోకపోతే చూశాక అందరూ నేనూ అదే అనుకున్నా అంటారు. రెండు బల్బులూ ఒకేలా వెలుగుతాయి. కరెంటు కొలిచే అమ్మీటర్ మొదటి బల్బు ముందు పెట్టినా, రెండిటి మధ్య పెట్టినా, చివర్లో పెట్టినా ఒకటే రీడింగ్, బ్యాటరీ 9 వోల్టులు బల్బు ఒక్కోటి 10 ఓమ్స్ అయితే అన్నిచోట్లా 0.45 ఆంపియర్లే. అది చూసి నోట్‌బుక్‌లో రాసుకున్నది తనే కొట్టేసి మళ్ళీ రాసుకుంటున్న పిల్లని చూడటం నాకు చాలా ఇష్టం.

ఇక ఏ టూల్ అంటే, దేనికది వేరు. కహూట్‌లో మామూలుగా త్వరగా నొక్కినవాళ్ళకి ఎక్కువ పాయింట్లు వస్తాయి, రివిజన్‌కి బానే ఉంటుంది గానీ ఆలోచించాల్సిన ప్రశ్నకి పనికిరాదు, టైమర్ 60 సెకన్లకో 90 సెకన్లకో పెంచి పాయింట్లు తీసేయండి. ఎవరి స్పీడులో వాళ్ళు చేసుకోవాలంటే క్విజిజ్ మంచిది, 2025లో దాని పేరు వేగ్రౌండ్ అని మార్చారు. మెంటీమీటర్‌లో పేరు లేకుండా రాయొచ్చు, అందుకే ఎప్పుడూ చెయ్యెత్తని పిల్లల మాట అక్కడ కనిపిస్తుంది, ఈ పాఠంలో ఇంకా అర్థంకానిది ఒక్క మాటలో రాయండి అని అడిగి చూడండి. ప్యాడ్‌లెట్ అంటే అందరూ పోస్టులు పెట్టే ఆన్‌లైన్ బోర్డు, అందులో పోస్టులు మీరు ఓకే చేశాకే కనిపించేలా సెట్టింగ్ ముందే పెట్టేయండి.

పిల్లల దగ్గర ఫోన్లు లేవా? ప్లికర్స్ వాడండి. ఒక్కొక్కరికీ ఒక ప్రింట్ కార్డు, దానికి నాలుగు వైపులా ఏ, బీ, సీ, డీ, తన జవాబు పైకి వచ్చేలా పట్టుకుంటే టీచర్ ఫోన్ కెమెరా క్లాసంతా ఒకేసారి చదివేస్తుంది. ఒక్కో కార్డు మీద గుర్తు వేరేగా ఉంటుంది కాబట్టి పక్కవాడి కార్డు చూసి కాపీ కొట్టడం కుదరదు, నాకైతే అన్నిటికంటే ఇదే నచ్చింది.

ముందురోజు ఇంకో ఫోన్‌లో స్టూడెంట్‌లా జాయిన్ అయి మొత్తం ఒకసారి చూసుకోండి, ఉచిత ప్లాన్‌లో ఎంతమంది చేరొచ్చో కూడా అప్పుడే తెలుస్తుంది. జాయిన్ కోడ్ చివరి బెంచీకి కనపడేంత పెద్దగా బోర్డు మీద రాయండి. నెట్ పోతే అదే ప్రశ్నకి కళ్ళు మూసుకుని వేళ్ళు చూపించమనండి, ఏకి ఒక వేలు, బీకి రెండు, చర్చ ఎక్కడా ఆగదు.

క్లాసయ్యాక రిపోర్ట్ తెరిచి మార్కులు కాదు, ఎక్కువమంది పెట్టిన తప్పు ఆప్షన్ ఏదో చూడండి. మర్నాడు క్లాసు దాంతోనే మొదలుపెట్టండి, ఆ జవాబు పెట్టినవాళ్ళ పేర్లు మాత్రం ఎక్కడా చెప్పొద్దు.