బరువు సంగతి తర్వాత, ముందు దమ్ము పెంచుదాం

స్థూలకాయం ఉన్న టీనేజ్ పిల్లల్ని నా దగ్గరికి తీసుకొచ్చే అమ్మానాన్నలు ముందుగా అడిగేది "ఎన్ని కిలోలు తగ్గుతాడు సార్?" అనే. వ్యాయామం ఒక్కదానితో బరువు పెద్దగా తగ్గకపోవచ్చని మొదటి రోజే చెప్పేస్తాను. ముఖాలు వాడిపోతాయి. కానీ కాటా ముల్లు కదలకపోయినా గుండె, ఊపిరితిత్తుల సత్తా పెరుగుతుంది, ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తుంది. పీఈటీ మాస్టారుగా నేను చూసేది ఆ సత్తానే.

ఆ సత్తా పెంచడానికి నేను చేయించేది హై ఇంటెన్సిటీ వ్యాయామం, అంటే కాసేపు గట్టిగా, కాసేపు తేలిగ్గా మార్చి మార్చి చేయడం. ఆ పేరు వినగానే అందరికీ పరుగులు, గెంతులు గుర్తొస్తాయి. మొదట్లో అవి వద్దు, మోకాళ్ల మీద భారం పడుతుంది. కదలకుండా ఉండే వ్యాయామ సైకిల్ మేలు: ఒంటి బరువు సీటు మోస్తుంది, గుండెకు మాత్రం పని తగ్గదు. ఈత వస్తే ఈత. రెండూ కుదరకపోతే ఎత్తు ఎక్కుతూ చకచకా నడిచినా చాలు. తీవ్రత అనేది ఆ పిల్లాడి ఒంటికి సంబంధించిన లెక్క, పక్కవాడి వేగంతో పోటీ కాదు.

పద్ధతి ఇది. ముందు 10 నిమిషాలు నెమ్మదిగా తొక్కించి ఒళ్లు వేడెక్కనివ్వండి. తర్వాత 30 సెకన్లు గట్టిగా, 60 సెకన్లు తేలిగ్గా. మొదటి వారాల్లో ఇలా ఆరు విడతలు చాలు. అలవాటయ్యాక గట్టి విడతను నిమిషానికి పెంచండి. బాగా కుదురుకున్నాక నార్వే పద్ధతి ప్రయత్నించవచ్చు: 4 నిమిషాలు గట్టిగా, 3 నిమిషాలు తేలిగ్గా, అలా నాలుగుసార్లు. అందులో గట్టి విడతకు గరిష్ఠ గుండె వేగంలో 85–95 శాతం అందుకోవాలి. వయసును 0.7తో హెచ్చించి 208 లోంచి తీసేస్తే ఆ గరిష్ఠం ఉజ్జాయింపుగా తెలుస్తుంది. 14 ఏళ్లకు 198, అంటే గట్టి విడతలో నిమిషానికి 168–188.

గుండె వేగం చూపే వాచీ లేకపోయినా టెన్షన్ పడక్కర్లేదు. గట్టి విడత చివర్లో "నిన్న ఏం సినిమా చూశావ్?" అని అడగండి. కథంతా చెప్పేస్తే ఇంకా పెంచాలి. రెండు ముక్కలు చెప్పి ఊపిరి తీసుకుంటే సరిగ్గా ఉంది. నోరు పెగలకపోతే ఎక్కువైంది. భుజాలు చెవుల దాకా లేచి, ఛాతీ హ్యాండిల్ మీద వాలిపోతుంటే పెడల్ బిగువు ఒక మెట్టు తగ్గించండి. విశ్రాంతిలో కూడా కాళ్లు ఆగకూడదు. ఒక్కసారిగా ఆపేస్తే రక్తం కాళ్లలో నిలిచి కళ్లు తిరుగుతాయి.

ఇది వారానికి రెండు మూడు రోజులు చాలు, అదీ రోజు విడిచి రోజు. అయితే 5–17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒక మోస్తరు నుంచి గట్టి కదలిక ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. మిగతా రోజుల్లో చకచకా నడకైనా, ఆటలైనా సరే.

మొదలుపెట్టే ముందు డాక్టర్‌కు చూపించండి. ఉబ్బసం ఉంటే ఇన్‌హేలర్ చేతికందేలా ఉండాలి. ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా అక్కడితో ఆపేయాలి. గజ్జల్లో, తొడలో, మోకాలిలో నొప్పితో పిల్లాడు కుంటుతుంటే "బరువు వల్లేలే" అని సరిపెట్టుకోవద్దు. ఎదిగే వయసులో, ముఖ్యంగా స్థూలకాయం ఉన్నవాళ్లలో, తొడ ఎముక తల తన చోటు నుంచి జారే సమస్య ఒకటుంది. లోపం తుంటిలో ఉన్నా నొప్పి మోకాలిలో కనిపించవచ్చు. ఆ కాలి మీద బరువు మోపనివ్వకుండా అదే రోజు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి.

పిల్లలు మానేసేది ఎక్కువగా ఆయాసం వల్ల కాదు, సిగ్గు వల్ల, తొడలు ఒరుసుకుని మండటం వల్ల. లోపల బిగుతైన పొడవు షార్ట్స్ వేయించండి. చుట్టాల ముందు చేయించకండి. పాటలు వాళ్లే ఎంచుకోనివ్వండి.

నెలకోసారి అదే సైకిల్ మీద, అదే బిగువుతో, అదే వేగంతో 5 నిమిషాలు తొక్కించి, ఆపిన వెంటనే నాడి లెక్కపెట్టి నోట్‌బుక్‌లో రాయించండి. పాత అంకె కంటే తగ్గితే దమ్ము పెరుగుతున్నట్టే. కొన్ని నెలలైనా తగ్గకపోతే గట్టి విడతలు నిజంగా గట్టిగా ఉన్నాయో లేదో సినిమా ప్రశ్నతో మళ్లీ చూడండి.