పాత బుల్లెట్‌తో సావాసం - 3వ పాఠం: ముల్లు చూసి కిక్ కొట్టడం

ప్లగ్గు సంగతి పోయిన పాఠంలో అయిపోయింది. ఈసారి కిక్.

ఆదివారం పొద్దున్నే కొత్తపట్నం బీచ్‌కి పోదామని ఒంగోల్లో టీకొట్టు దగ్గర నలుగురం చేరతామా, అరగంట సేపు కబుర్లన్నీ సైలెన్సర్ల గురించీ హ్యాండిల్ బార్ల గురించే. బయల్దేరేటప్పుడు మాత్రం ఒకడు చెమటలు కక్కుతూ తంతూనే ఉంటాడు. బలం లేక కాదు, పిస్టన్ ఎక్కడుందో చూసుకోక.

మన పాఠం పోత ఇనుము ఇంజన్ ఉన్న బుల్లెట్ 350 గురించి. 1955లో మద్రాసులో మొదలైన బుల్లెట్ ఇంజను దశాబ్దాల పాటు పెద్దగా మారలేదు. లోపల ఒక్కటే పిస్టన్, 70 మిల్లీమీటర్ల వెడల్పు, కిందికీ పైకీ 90 మిల్లీమీటర్ల నడక. అది గాలిని నొక్కుతూ పైకొచ్చే చోట మీరు కాలితో కుస్తీ పడితే గెలిచేది అదే. కుర్రతనంలో నేనూ పట్టాను. కిక్ వెనక్కి కొట్టి పిక్క వారం రోజులు వాచింది. షెడ్డు మేస్త్రి నవ్వి, "ఏంది అబ్బయ్యా, గొడ్డును తన్నినట్టు తంతన్నావు? ముందు ముల్లు చూడు" అన్నాడు.

ముల్లంటే హెడ్‌లైట్ డూమ్ మీదుండే అమ్మీటర్‌ది, అంటే బ్యాటరీ కరెంటు రాకపోకలు చూపించే మీటరుది. తాళం ఆన్ చేసి, బండి న్యూట్రల్‌లో ఉంచి, కిక్‌ని కాలితో మెల్లగా నొక్కండి. ప్లగ్గుకి నిప్పురవ్వ పుట్టించే కాయిల్‌కి కరెంటు కలిపీ తెంపీ చేసే చిన్న స్విచ్చు లాంటివే పాయింట్లు. అవి మూసుకున్నప్పుడు కాయిల్‌కి కరెంటు పోతుంది, ముల్లు మైనస్ వైపు వాలుతుంది. ఇంకా నొక్కుతూ పోతే కిక్ గట్టిపడుతుంది, ముల్లు మళ్లీ మధ్యకొస్తుంది. పాయింట్లు తెరుచుకున్నాయన్నమాట, పిస్టన్ దాదాపు పైకొచ్చేసింది. అక్కడ ఆగండి. ఎడమ చేతి దగ్గర డీకంప్రెసర్, అంటే లోపల నొక్కుకున్న గాలిని బయటికి వదిలే చిన్న లివరు, పట్టుకుని కిక్‌ని ఇంకొక్క రవ్వ కిందికి నెట్టండి. డీకంప్రెసర్ వదిలేసి, కిక్‌ని పూర్తిగా పైకి రానివ్వండి. ఇప్పుడు ఒళ్లంతా బరువేసి ఒకే ఊపున చివరిదాకా తొక్కండి. సగంలో ఆపితే మళ్లీ పిక్కే. యాక్సిలరేటర్ తిప్పొద్దు. చలికాలం పొద్దున అయితే చోక్ వేసుకోండి.

ముల్లు అసలు కదలకపోతే? సముద్రం గాలి తగిలే మన ఊళ్లలో ముందు బ్యాటరీ టెర్మినళ్లు చూడాలి. పచ్చగా చిలుము పట్టి ఉంటే గీకండి. ఆ తర్వాతే పాయింట్లు. తాళం ఆన్‌లో పెట్టి కబుర్లకు కూర్చోవద్దు. పాయింట్లు మూసుకుని ఉంటే కాయిల్ వేడెక్కుతుంది, బ్యాటరీ దిగిపోతుంది.

కస్టమ్ అంటూ డూమ్ పీకేసి చిన్న మీటరు బిగించేవాళ్లకి ఒక మాట. లుక్ మీ ఇష్టం, అమ్మీటర్ని మాత్రం ఎక్కడో ఒకచోట ఉంచుకోండి.

ఈ వారం పని: పెట్రోల్ ట్యాపు కట్టేసి, ముల్లు మధ్యకు తేవడం, డీకంప్రెసర్‌తో దాటించడం, అంతవరకే పదిసార్లు చేయండి. షూ వేసుకోండి, చెప్పులు వద్దు. వచ్చే పాఠం పాయింట్ల గ్యాపు. 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య పెట్టాలి కాబట్టి సందు కొలిచే పల్చటి రేకుల ఫీలర్ గేజ్ ఒకటి కొనిపెట్టుకోండి.