ఇంట్లో పెనం మీద వేడివేడి స్టేక్ అండ్ చీజ్ శాండ్‌విచ్, మన హైదరాబాద్‌లో దొరికే సరుకుతోనే

స్టేక్ శాండ్‌విచ్ అనగానే చాలామంది లావుపాటి మాంసం ముక్క కాల్చి బ్రెడ్ మధ్యలో పెట్టేది అనుకుంటారు, ఇది అది కాదండీ. బాగా పల్చగా కోసిన మాంసం పెనం మీద రెండు మూడు నిమిషాల్లో వేగిపోవాలి, దాని మీదే చీజ్ కరిగి మొత్తం కలిసిపోవాలి, అది పొడుగు బన్నులో పొగలు కక్కుతూ ప్లేట్‌లోకి రావాలి. దీని పుట్టిల్లు అమెరికాలోని ఫిలడెల్ఫియా. 1930లో అక్కడ హాట్ డాగ్‌లు అమ్ముకునే పాట్ ఒలివియెరీ, హ్యారీ అనే అన్నదమ్ములు మొదలుపెట్టారు, అప్పట్లో మాంసం, ఉల్లిపాయే, చీజ్ తర్వాత చేరింది. అందుకే నేనెప్పుడూ చెప్పేది ఒకటే, చీజ్ కోసం పరిగెత్తే ముందు మాంసం సంగతి చూస్కోండి, ముక్క మందంగా ఉంటే ఎంత ఖరీదైన చీజ్ వేసినా నమల్లేక దవడలు నొప్పి పుట్టడమే.

అక్కడ రిబ్ ఐ అని కొవ్వు చారలున్న బీఫ్ వాడతారు. మన దగ్గర పెద్దకూర అంటే ఎక్కువగా బర్రె మాంసం, దాంట్లో కొవ్వు తక్కువ, నార ఎక్కువ. కాబట్టి అండర్‌కట్ అడగండి, వెన్ను లోపలి వైపు ఉండే పొడుగాటి కండ అది, జంతువు నడిచినా మేసినా దానికి పెద్దగా పనుండదు కాబట్టి మెత్తగా ఉంటుంది. షాప్‌లో "భాయ్, అండర్‌కట్ ఆధా కిలో, పసందే జైసా పత్లా కాటో" అంటే చాలు, వాళ్లకి అర్థమైపోతుంది, పసందే కట్ అంటే పల్చగా, వెడల్పుగా కోసిన ముక్కలు, అది తెలియని కసాయి మన ఊళ్లో ఉండడు. పెద్దకూర తినని ఇళ్లల్లో మటన్ రాన్ (తొడ భాగం) నుంచి బోన్‌లెస్ తీయించుకోండి, వేడి బండ మీద కాల్చే పత్తర్ కా గోష్ తిన్నవాళ్లకి తెలుసు కదా పల్చటి మటన్ ఎంత త్వరగా కాలుతుందో. చికెన్ అయితే తొడ మాంసం తీస్కోండి, బ్రెస్ట్ పీస్ ఇంత మంట మీద ఎండిపోతుంది.

షాప్‌లో ఎంత పల్చగా కోసిచ్చినా మనకి ఇంకా పల్చగా కావాలి, అందుకే కోయించకుండా ఒకే పెద్ద ముక్కగా తెచ్చుకుని ఇంట్లో కోసుకోవడం నాకిష్టం. కడిగి, చిల్లుల గిన్నెలో పది నిమిషాలు వదిలేసి, శుభ్రమైన గుడ్డతో తడి లేకుండా అద్దేసి, ముక్కని ఫ్రీజర్‌లో ముప్పావు గంట నుంచి గంట దాకా పెట్టండి. రాయిలా గడ్డకట్టకూడదు, వేలితో నొక్కితే పైన గట్టిగా, లోపల కొంచెం మెత్తగా తగలాలి, అప్పుడు కత్తి జారకుండా దిగుతుంది. ఇప్పుడు ముక్కని వెలుతురులో పెట్టి చూడండి, సన్నటి గీతలు ఒకే వైపు పోతూ కనపడతాయి, అవే నారలు, కత్తి వాటికి అడ్డంగా దిగాలి గానీ వాటి వెంట కాదు. అడ్డంగా కోస్తే నార చిన్నచిన్నగా తెగిపోయి నోట్లో ఇట్టే విడిపోతుంది, వెంట కోస్తే ఒక్కో ముక్క మొత్తం లాగుతూనే ఉంటుంది. ఈ ఒక్కటి సరిగ్గా చేస్తే సగం పని అయిపోయినట్టే.

మాంసం ముదురు అనిపిస్తే పచ్చి బొప్పాయి కాయ తొక్కతో సహా నూరి అర కిలోకి ఒక చెంచా పట్టించి అరగంట లోపే తుడిచేయండి. దాంట్లో పపైన్ అనే ఎంజైమ్ ఉంటుంది, అది మాంసంలో ప్రొటీన్‌ని విరగ్గొడుతుంది, ఇంత పల్చటి ముక్కలకి ఎక్కువసేపు ఉంచితే పిండి పిండి అయిపోతుంది. అండర్‌కట్‌కి అస్సలు అవసరం లేదు.

అల్లంవెల్లుల్లి పేస్ట్, గరం మసాలా, కారం, ఇవేవీ వద్దు. చెయ్యి ఊరుకోదని నాకూ తెలుసు, కానీ పేస్ట్‌లో తడి ఉంటుంది, అది మాంసాన్ని ఉడకబెడుతుంది, తర్వాత అదే పెనానికి అంటుకుని మాడి చేదొస్తుంది. ఉప్పు, అప్పుడే దంచిన మిరియాలు, అంతే. కారం కావాలంటే వెనిగర్‌లో ఊరేసిన పచ్చిమిర్చి పైన పెట్టుకోండి, ఫిలడెల్ఫియాలో కూడా ఊరేసిన మిరపకాయలు పక్కన పెట్టుకునే తింటారు.

బన్ను విషయంలో ఇరానీ హోటల్ బన్ మస్కా బన్ను వద్దు, తియ్యగా ఉంటుంది, ఉప్పటి చీజ్‌తో కలవదు. పావ్ మరీ చిన్నది. బేకరీలో హాట్ డాగ్ బన్ లేదా ఆరంగుళాల సబ్ రోల్ అడగండి, పైన మెత్తగా ఉండి రసం పీల్చుకునేలా ఉండాలి, గట్టి పెంకున్న లోఫ్ అయితే కొరికినప్పుడు లోపలిదంతా వెనక నుంచి బయటికొస్తుంది. చీజ్‌కి మన అమూల్ స్లైసులు భేషుగ్గా సరిపోతాయి, ప్రాసెస్డ్ చీజ్‌లో ఎమల్సిఫయింగ్ సాల్ట్స్ ఉంటాయి కాబట్టి నూనె విడిపోకుండా నున్నగా కరుగుతుంది. మోజరెల్లా సాగుతుంది గానీ రుచి చప్పగా ఉంటుంది, కావాలంటే సగం సగం వేస్కోండి. పనీర్ పనికిరాదు, అది ఎంత వేడి చేసినా కరిగే రకం కాదు.

నాలుగు శాండ్‌విచ్‌లకి అర కిలో మాంసం, రెండు పెద్ద ఉల్లిపాయలు, ఒక క్యాప్సికం, ఎనిమిది చీజ్ స్లైసులు. పొయ్యి దగ్గరికి వెళ్లే ముందే బన్నులు ఒక పక్క తెగిపోకుండా చీల్చి పెట్టుకోండి, చీజ్ రేపర్లు తీసి పెట్టుకోండి, ఎందుకంటే మాంసం పడ్డాక ఇంక టైముండదు.

ఇనప దోసె పెనం ఉంటే అదే బెస్ట్, నాన్‌స్టిక్ ఇంత వేడికి పనికిరాదు. ముందు మీడియం మంట మీద బన్నుల లోపలి వైపు వెన్న రాసి కాల్చి పక్కన పెట్టండి. అదే పెనంలో కొంచెం నూనె వేసి ఉల్లిపాయ చీలికలు, క్యాప్సికం పన్నెండు పదిహేను నిమిషాలు తీరిగ్గా వేయించి తీసేయండి, ఉల్లిపాయ గోధుమ రంగుకి తిరిగి తియ్యటి వాసన రావాలి.

ఇప్పుడు మంట ఫుల్ పెట్టి, పెనం పొగ రావడం మొదలయ్యేదాకా ఆగండి, కిటికీ తెరవండి, ఎగ్జాస్ట్ వేయండి. రిఫైన్డ్ ఆయిల్ ఒక చెంచా వేసి, ఒక శాండ్‌విచ్‌కి సరిపోయే మాంసం మాత్రమే, సుమారు 125 గ్రాములు, పరిచినట్టు వేసి ఒక నిమిషం కదపకండి. అంతా ఒకేసారి వేస్తే పెనం చల్లారిపోయి నీళ్లూరి బూడిద రంగులో ఉడుకుతుంది, ఆ కాలిన ఎర్రటి అంచే రాదు. ఒక పక్క ఎర్రబడ్డాక తిప్పి, రెండు అట్లకాడలతో బండి మీద ఎగ్ బుర్జీ కొట్టినట్టు టకటకా కొట్టండి, మరీ కీమా అయిపోకుండా. అప్పుడు ఉప్పు, మిరియాలు, చీజ్ కూడా ఉప్పగానే ఉంటుంది కాబట్టి చెయ్యి తక్కువ పట్టండి. ఉల్లిపాయల్లో కొంచెం దీంట్లో కలిపి, బన్ను పొడుగంతా వచ్చేలా కుప్పగా సర్ది, మంట సిమ్‌లోకి తెచ్చేయండి.

పైన రెండు స్లైసులు పరిచి, పెనం అంచు మీద ఒక చెంచా నీళ్లు చల్లి మూత పెట్టండి, ఆవిరికి అర నిమిషంలో చీజ్ అంచులు జారి మాంసం సందుల్లోకి దిగుతాయి. మూత తీసి, బన్నుని తెరిచి ఆ కుప్ప మీద బోర్లించి, పది సెకన్లాగి, అట్లకాడ కిందికంటా దూర్చి ఒక చేత్తో బన్ను పట్టుకుని ఒక్క ఊపున తిప్పేయండి, మొత్తం బన్నులోకి వచ్చేస్తుంది. బటర్ పేపర్‌లో రెండు నిమిషాలు చుట్టి ఉంచితే ఆ ఆవిరికి బన్ను ఇంకా మెత్తబడి చీజ్ పట్టుకుంటుంది, వీలైతే ఈ స్టెప్ వదలకండి. తర్వాతి శాండ్‌విచ్‌కి పెనం గీకి, తుడిచి, మళ్లీ పొగ వచ్చేదాకా వేడెక్కనివ్వండి.

ఇంట్లో నలుగురుంటే ఒక్కొక్కళ్లకి వేడిగా దింపి పెట్టేయండి, అందరివీ అయ్యేదాకా ఆగితే మొదటిది చల్లారి చీజ్ గట్టిపడిపోతుంది. మాంసం మిగిలితే చీజ్ కలపకుండా డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచి మర్నాడే వాడేయండి, పెనం మీద వెన్నతో వేడి చేసి, అప్పుడు చీజ్ వేసి రుమాలీ రోటీలో చుట్టుకున్నా బ్రహ్మాండంగా ఉంటుంది.