యాప్‌లో ఆఫ్, ఫోన్‌లో ఆన్: ఇంటి ఫోను సెట్టింగులు మాట వినకపోతే

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా ఇంటి ల్యాండ్‌లైన్ ఇప్పుడు ఫైబర్ మీద నడుస్తోంది. పాత ఫోను ఒక గ్రాండ్‌స్ట్రీమ్ అడాప్టర్‌కి (పాత ఫోనుని ఇంటర్నెట్ లైన్‌కి కలిపే పెట్టె), అడాప్టర్ రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌లోని ఫ్రీపీబీఎక్స్‌కి (కాల్స్‌ని అటూ ఇటూ పంపే సాఫ్ట్‌వేర్, ఇకపై పీబీఎక్స్ అంటాను) కలిసి ఉంటాయి. వీటిని మొబైల్ యాప్‌లోంచి నడిపించేది హోమ్ అసిస్టెంట్ అనే హోమ్ ఆటోమేషన్ సాఫ్ట్‌వేర్. అమ్మ కునుకు తీసేటప్పుడు ఫోను మోగకూడదు, ఇంట్లో ఎవరూ లేకపోతే కాల్ నా మొబైల్‌కి రావాలి. నేను కోరుకున్నది ఈ రెండే. కానీ సెట్టింగ్ అనేది ఒక్కచోట ఉండదు. అడాప్టర్‌లో ఉండొచ్చు, పీబీఎక్స్‌లో ఉండొచ్చు, ఫోను కంపెనీ ఎక్స్ఛేంజ్‌లోనూ ఉండొచ్చు. ఏ సమస్య వచ్చినా ముందు అది ఈ మూడింటిలో ఎక్కడ ఇరుక్కుందో వెతకాలి.

సమస్య: యాప్‌లో డీఎన్‌డీ (ఫోను మోగకుండా చేసే సెట్టింగ్) ఆఫ్ అని ఉంది, ఫోను మాత్రం మోగదు

పాతపట్నంలో ఉండే మా మేనత్త రెండు రోజులు ఫోన్ చేసి చేసి, మూడో రోజు ఆటో ఎక్కి వచ్చేసింది. గుమ్మంలోనే, "ఏటిరా, ఫోనెత్తరేటి? మీకేమైందోనని నాకు ఒకటే టెన్షన్!" అంది. యాప్ తీసి చూపించాను, శుభ్రంగా ఆఫ్‌లోనే ఉంది. అత్త తన మొబైల్ నుంచి మా నంబర్ కొట్టింది. పక్కనే ఉన్న ఫోను కిమ్మనలేదు.

కారణం: డీఎన్‌డీ పెట్టడానికి *78, తీయడానికి *79. ఈ కోడ్‌లు ఫ్రీపీబీఎక్స్‌లోనూ ఉన్నాయి, అడాప్టర్‌లోనూ అవే. రిసీవర్ ఎత్తి *78 నొక్కితే అడాప్టర్ దాన్ని మధ్యలోనే పట్టేసుకుని తనలో డీఎన్‌డీ పెట్టేసుకుంది. పీబీఎక్స్‌కి ఆ కబురు అందలేదు. యాప్ అడిగేది పీబీఎక్స్‌ని కాబట్టి అది చెప్పిందే చూపించింది. ఆ *78 నొక్కింది అమ్మే. ఆ కోడ్ నేర్పింది నేనే, కాబట్టి నోరెత్తలేదు.

పరిష్కారం: ముందు రిసీవర్ ఎత్తి *79 నొక్కండి. తర్వాత బ్రౌజర్‌లో అడాప్టర్ సెట్టింగుల పేజీ తెరిచి 'ఎనేబుల్ కాల్ ఫీచర్స్' దగ్గర 'నో' పెట్టండి. ఇక నుంచి స్టార్ కోడ్‌లు నేరుగా పీబీఎక్స్‌కి వెళ్తాయి. అడాప్టర్ డయల్ ప్లాన్‌లో (ఏ నంబర్లను బయటికి పంపాలో చెప్పే నియమాలు) స్టార్‌తో మొదలయ్యే నంబర్లకు దారి ఉందో లేదో కూడా చూసుకోండి, లేకపోతే అవి అడాప్టర్ దాటి పోవు. కాల్‌ని వేరే నంబర్‌కి మళ్లించే ఫార్వర్డింగ్ కోడ్‌లు *72, *73 దగ్గరా ఇదే తకరారు.

హోమ్ అసిస్టెంట్‌లో స్విచ్‌కి బదులు రెండు మెరుపు గుర్తులు కనిపిస్తున్నాయా? అంటే అసలు స్థితి దానికి తెలియదు, తను చివరిసారి పంపిన ఆర్డరే నిజం అనుకుంటోంది. పీబీఎక్స్ డేటాబేస్‌లోని డీఎన్‌డీ విలువను చదివి స్విచ్‌కి అందించే సెన్సర్ ఒకటి పెట్టుకోండి. అరగంట పని, కానీ ఇది లేకుండా మిగతా ఆటోమేషన్ ఎంత చేసినా దండగే.

సమస్య: ఫార్వర్డ్ పెట్టాం, కాల్ మొబైల్‌కి రాదు

కారణం చాలాసార్లు ఒక్క సున్నా. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కి చేయాలంటే నంబర్ ముందు 0 కొట్టాలి. మనం మొబైల్ కాంటాక్ట్స్‌లోంచి పది అంకెలు కాపీ చేసి పడేస్తాం. ఫార్వర్డ్ అయ్యే కాల్ కూడా మన ల్యాండ్‌లైన్ నుంచే బయటికి వెళ్తుంది కాబట్టి సున్నా లేకపోతే అక్కడే ఆగిపోతుంది. పీబీఎక్స్ అవుట్‌బౌండ్ రూట్‌లో (బయటికి వెళ్లే కాల్స్ దారి) పది అంకెల మొబైల్ నంబర్లకు 0 దానంతటదే చేరేలా పెట్టేస్తే మళ్లీ ఆ గొడవ ఉండదు.

ల్యాండ్‌లైన్‌కి ఫార్వర్డ్ చేస్తుంటే ఎస్టీడీ కోడ్ మరిచిపోకండి. ఆంధ్ర సరిహద్దు మనకి కూతవేటు దూరమే, ఫోనుకి మాత్రం అవతల వేరే రాష్ట్రం. శ్రీకాకుళం నంబర్ అయితే ముందు 08942 ఉండాలి.

సమస్య: రాత్రి 9కి పెట్టిన డీఎన్‌డీ తెల్లవారుజామున 2:30కి పడుతోంది

సరిగ్గా అయిదున్నర గంటల తేడా ఉంటే ఇంకేమీ వెతకక్కర్లేదు. రాస్ప్‌బెర్రీ పై గడియారం యూటీసీలో (మన టైమ్ కంటే అయిదున్నర గంటలు వెనకుండే అంతర్జాతీయ సమయం) ఉంది. టైమ్‌జోన్ ఏషియా/కోల్‌కతాకి మార్చి పీబీఎక్స్‌ని రీస్టార్ట్ చేయండి.

సమస్య: కరెంటు పోతే ఫార్వర్డింగ్ కూడా పోతోంది

రాగి తీగ రోజుల్లో ఎక్స్ఛేంజ్ నుంచే 48 వోల్టులు వచ్చేవి, ఇంట్లో కరెంటు లేకపోయినా ఫోను మోగేది. ఫైబర్‌కి ఆ సుఖం లేదు. ఓఎన్‌టీ (ఫైబర్ తీగ వచ్చి చేరే పెట్టె), రౌటర్, అడాప్టర్, రాస్ప్‌బెర్రీ పై అన్నీ ఆరిపోతాయి, వాటిలో పెట్టిన ఫార్వర్డింగ్ కూడా వాటితోనే నిద్రపోతుంది. చిన్న కోతలకి మినీ యూపీఎస్ సరిపోతుంది. కొనే ముందు ప్రతి పెట్టె పవర్ అడాప్టర్ మీద వోల్టేజీ చదవండి, రాస్ప్‌బెర్రీ పైకి 5 వోల్టులు, ఓఎన్‌టీకి ఎక్కువగా 12.

2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను మన గజపతి జిల్లాను ముంచెత్తిన సంగతి మనకి తెలిసిందే. అలాంటి రోజులకి యూపీఎస్ చాలదు. లైన్ అందుబాటులో లేనప్పుడు కాల్ మొబైల్‌కి మళ్లేలా ఎక్స్ఛేంజ్‌లోనే పెట్టమని ఫోను కంపెనీని అడగండి. పెట్టామని వాళ్లు చెప్పాక ఓఎన్‌టీ ప్లగ్ పీకి, రెండు మూడు నిమిషాలు ఆగి, పక్కింటి వాళ్ల మొబైల్ నుంచి మీ ల్యాండ్‌లైన్‌కి ఒక్క కాల్ చేయించండి.