విల్లు కొనే ముందు అట్టముక్క కొలత

సాలూరు బస్సులో నిలువెత్తు విల్లుతో ఎక్కితే కండక్టర్ నుంచి వెనక సీటు మామ్మ వరకు అందరికీ అడ్డమే. అందుకే విడదీసే టేక్‌డౌన్ విల్లుకి మారాను: మధ్యలో పిడి, రెండు రెక్కలు, నారి.

కొనేముందు అమ్మేవాళ్లని విల్లు మొత్తం పొడవు కాదు, విప్పాక అతి పొడవైన ముక్క ఎంతో అడగండి. 60-62 అంగుళాల విల్లుకి అది దాదాపు 2 అడుగులు వస్తుంది. అంత పొడవు అట్టముక్క కత్తిరించి మీ బ్యాగులో పెట్టి జిప్ వేసి చూడండి. నేను ఇది చేయకే మొదట ఒక బ్యాగు దండగ చేసుకున్నాను.

అసలు చిక్కు బాణాలతో. అవి 28-30 అంగుళాలు, రెక్కల కన్నా పొడవు. విజయనగరంలో ప్లంబింగ్ సామాన్ల షాపులో 75 ఎంఎం పీవీసీ పైపు 32 అంగుళాలు కోయించి, రెండు మూతలు తీసుకున్నాను. అడుగున స్పాంజి ముక్క, పైన ఆరు బాణాలు. పైపు బ్యాగు పక్కన కట్టేస్తే సరి. రెక్కల్ని పాత లుంగీలో చుట్టి వీపు వైపు పెడతాను. రెక్కల్ని పిడికి బిగించే బోల్టులకి అలెన్ కీ (ఆరు పలకల ఎల్ ఆకారపు కీ) కావాలంటే అది నారితో పాటే ఉండాలి, లేదంటే ఊరెళ్లాక వెతుకులాటే.

పొడుగు చేతులవాళ్లకి మాత్రం 60-62 అంగుళాల విల్లు కుదరదు. చేతులు బార్లా చాపి, వేలికొస నుంచి వేలికొసకి అంగుళాల్లో కొలిచి 2.5తో భాగించండి; మీరు నారిని లాగే దూరం సుమారుగా అదే. అది 29 దాటితే పొట్టి విల్లు నారి పూర్తిగా లాగేటప్పుడు బిగుసుకుని వేళ్లు నొక్కేస్తుంది. 64 లేదా 66 అంగుళాలది చూసుకోండి.